క్లాసిక్కులకు కాపలాదారులు

బ్యూఖ్నర్ నాటకం "వోయ్‌ట్సెక్"ను పంక్ రాక్ సంగీతంతో ఆడగా చూశాననీ, అది నాకు నచ్చిందనీ చెప్పినప్పుడు మా మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్లు కాలేజీలో ఆధునిక నాటకం పాఠం చెప్పి, ఉద్యమంలో తల నెరిసిన మనిషి ఆయన. చివరకు, "అయితే రేపు కన్యాశుల్కానికి కూడా ఎలక్ట్రిక్ గిటార్లు కట్టండి. గిరీశం చేత గంతులు వేయించండి. అభ్యుదయమంటే ఇదేనని కరపత్రం వేయండి" అన్నారు.

ఆయన కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మన పాటనూ, మన పండగనూ, ఆఖరుకు మన తిరుగుబాటును కూడా వ్యాపారం కొని తిరిగి మనకే అమ్ముతున్న రోజులివి. ఒక గొప్ప నాటకానికి ఎవరో నాలుగు గిటార్లు తగిలించారంటే అనుమానించవలసిందే. కాని అనుమానించడం వేరు, చూడకుండా తీర్పు చెప్పడం వేరు. పైగా ఈ మాట మాస్టారొక్కరిదే కాదు. మన సంఘాలలో, మన సభలలో చాలామంది పెద్దలు ఇదే మాట వేరువేరు సందర్భాలలో అంటున్నారు. అందుచేత దీనికి కాస్త వివరంగానే జవాబు చెప్పదలచుకొన్నాను.

ముందు నాటకం సంగతి. 1821 జూన్ 2న జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో యోహాన్ క్రిస్టియన్ వోయ్‌ట్సెక్ అనే మనిషి, తనతో సంబంధమున్న యోహానా క్రిస్టియానే వూస్ట్ అనే వితంతువును పొడిచి చంపాడు. అతడు విగ్గులు కట్టే పనివాడు, కొంతకాలం సిపాయి. నేరం చేసేనాటికి అతడికి పనీ లేదు, ఇల్లూ లేదు. మతి స్థిమితంగా వుందా లేదా తేల్చడానికి క్లారుస్ అనే వైద్యుణ్ణి నియమించారు. స్థిమితంగానే వుందని ఆయన నివేదిక రాశాడు. 1824 ఆగస్టు 27న అదే నగరపు మార్కెట్ చౌకులో, జనమంతా చూస్తుండగా, వోయ్‌ట్సెక్ తల నరికారు.

బ్యూఖ్నర్ ఈ వైద్య నివేదికలు చదివాడు. తానూ వైద్యవిద్యార్థే. అంతకుముందు, 1834లో, హెస్సె రైతుల కోసం ఒక రహస్య కరపత్రం రాశాడు. రైతులు కట్టే పన్నులు ఎవరి పొట్టలోకి పోతున్నాయో అందులో అంకెలు వేసి మరీ చూపించాడు. అరెస్టు తప్పదని తెలిసి మరుసటి ఏడు దేశం దాటిపోయాడు. 1837లో జ్యూరిక్‌లో జ్వరంతో చనిపోయేనాటికి అతడికి 23 ఏళ్లు. "వోయ్‌ట్సెక్" అసంపూర్తిగా మిగిలిపోయింది.

నాటకంలోని వోయ్‌ట్సెక్ పేద సిపాయి. పెళ్లి కాకుండానే మారీ అనే స్త్రీతో బిడ్డను కన్నాడు. వాళ్లను పోషించడానికి కెప్టెన్‌కు గడ్డం గీస్తాడు. డాక్టరు చేసే ఒక ప్రయోగం కోసం బటానీలు మాత్రమే తిని బతుకుతాడు. అందుకు కొన్ని చిల్లర డబ్బులు వస్తాయి. నీకు నీతి లేదని కెప్టెన్ అతడికి బోధిస్తాడు. డబ్బు లేనివాడికి నీతి ఎక్కడినుంచి వస్తుందని వోయ్‌ట్సెక్ తడబడుతూ అడుగుతాడు. ఈలోగా డ్రమ్-మేజర్ ఒకడు మారీని ఆకర్షిస్తాడు; వోయ్‌ట్సెక్‌ను కొడతాడు కూడా. వోయ్‌ట్సెక్ కత్తి కొంటాడు. కాని ఆ కత్తి కెప్టెన్ మీదికి పోదు, డాక్టరు మీదికి పోదు, డ్రమ్-మేజర్ మీదికీ పోదు. మారీ మీదికి పోతుంది. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలని మనవి. నా వాదమంతా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

ఇక మాస్టారి మొదటి అభ్యంతరం: క్లాసిక్కును వున్నది వున్నట్టుగా ఆడాలి.

వున్నది వున్నట్టు అంటే యేమిటి? ఈ నాటకానికి బ్యూఖ్నర్ వదిలిపోయినవి కొన్ని చిత్తుప్రతులు. రంగాల వరుస యేమిటో ఇప్పటికీ పండితులకు వివాదమే. 1870లలో కార్ల్ ఎమిల్ ఫ్రాంజోస్ అనే సంపాదకుడు, వెలిసిపోయిన సిరాను రసాయనాలు పూసి చదివి, ప్రచురించాడు. పేరునే తప్పు చదివి "వోట్సెక్" అని వేశాడు. మొట్టమొదటి ప్రదర్శన 1913లో మ్యూనిక్‌లో జరిగింది. అంటే రచయిత చనిపోయిన 76 ఏళ్లకు. 1925లో ఆల్బన్ బెర్గ్ దీన్ని, అప్పటి చెవులకు అపస్వరంగా తోచిన సంగీతంతో ఆపెరాగా కట్టాడు. నాజీలు ఆ సంగీతాన్ని క్షీణ కళగా జమకట్టారు. ఈవేళ అదే ఆపెరాను పెద్ద పెద్ద సంగీతశాలల్లో సూట్లు వేసుకొని కూర్చొని వింటున్నారు. ఈ చరిత్రలో వున్నది వున్నట్టుగా వున్నదేది? సంగీతం లేని నాటకమా అంటే, అదీ కాదు. బ్యూఖ్నరే జానపదగీతాల ముక్కలు నాటకమంతటా చల్లాడు. మారీ పాడుతుంది, సిపాయి పాడతాడు, తాగుబోతులు పాడతారు. కథ మొదటినుంచి చివరిదాకా ఏదో ఒక చోటినుంచి మోత వినబడుతూనే వుంటుంది.

ఇంకొక దృష్టాంతం చెబుతాను. షిల్లర్ రాసిన "దొంగలు" నాటకం 1782 జనవరి 13న మాన్‌హైమ్ నగరంలో మొదటిసారి ఆడారు. షిల్లర్ దాన్ని తన కాలపు కథగానే రాశాడు. కాని థియేటరు అధికారి డాల్‌బెర్గ్‌కు భయం వేసింది. కథను మూడు వందల ఏళ్లు వెనక్కి, మధ్యయుగాల చివరికి జరిపించి, నటులకు పాతకాలపు దుస్తులు తొడిగించాడు. ఎందుకు? ఆ కోపం ఈనాటిది కాదు, యేనాటిదో అని అనిపించడానికి. సెలవు లేకుండా వెళ్లి తన నాటకం చూసుకొన్నందుకు షిల్లర్‌ను ఆయన ప్రభువు నిర్బంధించాడు, ఇక నాటకాలు రాయరాదన్నాడు. షిల్లర్ పారిపోయాడు.

గమనించండి: మనం సంప్రదాయమని, మూలానికి విధేయత అని అనుకొనే ఆ పాతకాలపు దుస్తులు, ఒక భయస్తుడైన అధికారి చేసిన పని. క్లాసిక్కులు పుట్టినప్పుడు క్లాసిక్కులు కావు. అవి తమ కాలంలో గొడవలు. గొడవను చల్లార్చిన తరవాత మిగిలినదానికి మనం క్లాసిక్ అని పేరు పెట్టి కాపలా కాస్తున్నాం.

ఇక నేను చూసిన ప్రదర్శన. అది అదే లైప్‌జిగ్‌లో, నగరానికి పడమరన, మూతబడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డులో జరిగింది. ఆడినవాళ్లు విద్యార్థులు. చూసినవాళ్లం నూరుమంది లోపే. చెక్క బెంచీల మీద సర్దుకొని కూర్చున్నాం. ఒక మూల రెండు గిటార్లు, డ్రమ్ములు, మైకు. వాయించినవాళ్లు గొప్ప విద్వాంసులేమీ కారు. పంక్ సంగీతానికి విద్వాంసులు అక్కరలేదు. గిటారు మీద మూడు స్వరమేళాలు నేర్చుకొన్నవాడెవడైనా మరునాడే బృందం కట్టవచ్చునన్నదే దాని సూత్రం. వేగం, మోత, అరుపు. రెండు మూడు నిమిషాలలో పాట అయిపోతుంది.

కెప్టెన్, డాక్టరు మాట్లాడేటప్పుడు సంగీతం లేదు. వాళ్లకు అక్కరలేదు. వాళ్ల వాక్యాలలో కర్త, కర్మ, క్రియ అన్నీ వరుసగా వుంటాయి; వాళ్ల మాట మధ్యలో ఎవరూ అడ్డురారు. వోయ్‌ట్సెక్ వాక్యం మొదలుపెడతాడు, అది సగంలో తెగిపోతుంది. మాట తెగిన చోట మోత మొదలవుతుంది. ఆ మోత అతడి హృదయాన్ని మనకు విప్పి చూపించదు. సినిమాలో వలె మన చేత జాలిపడనివ్వదు. ఈ మనిషికి మాట ఇవ్వబడలేదు అన్న ఒక్క సంగతిని చెవులు గింగురుమనేలా చెబుతుంది. ఆంప్లిఫయరు మీట డాక్టరు కుర్చీ పక్కన వుంది. తనకు విసుగు పుట్టినప్పుడు ఆయన దాన్ని టక్కున ఆపేసి, నోటుపుస్తకంలో యేదో రాసుకొంటాడు. ప్రయోగశాల అంటే యేమిటో, పేదవాడి కోపం మీద అధికారం ఎవరిదో నాకు ఏ విమర్శగ్రంథమూ అంత సూటిగా చెప్పలేదు.

లోపాలు లేవా? వున్నాయి. సంత రంగంలో డ్రమ్ములు వాయించే కుర్రవాడు తన చేతివాటం చూపించుకోవడానికి అయిదు నిమిషాలు వృథా చేశాడు. పాటల్లో సగం మాటలు తెలియలేదు; నా జర్మన్ అంతంత మాత్రం కావడం ఒక్కటే అందుకు కారణం కాదు. కాని పేలవమైన చేతులతో చేసినా, ఆ సంగీతం నాటకం తనకు అప్పగించిన పనే చేసింది.

ఇప్పుడు మాస్టారి రెండవ అభ్యంతరం, ఇది బలమైనది: పంక్ తిరుగుబాటు కాదు, తిరుగుబాటు సరుకు.

ఇందులో సగం నిజం వుంది. 1970లలో లండన్‌లో సెక్స్ పిస్టల్స్ బృందం పుట్టింది మాల్కమ్ మెక్‌లారెన్ బట్టల దుకాణం చుట్టూ. వాళ్ల మొదటి రికార్డు 1976లో వేసింది ఇ.ఎం.ఐ. అనే పెద్ద కంపెనీ. చింపిన చొక్కా, పిన్నీసు త్వరలోనే ఫ్యాషన్ అయ్యాయి. అంతే కాదు, ఆ శిల్పంలోనే విప్లవం వుందనుకోవడమూ పొరపాటే. స్క్రూడ్రైవర్ అనే బృందం పంక్‌గా మొదలై 1980లలో నాజీ భావాల ప్రచారానికి దిగింది. అదే మూడు స్వరమేళాలు, అదే అరుపు!

మిగతా సగం కూడా చూడాలి గదా. అదే దేశంలో అదే సంవత్సరాలలో "జాతివివక్షకు వ్యతిరేకంగా రాక్" అనే ఉద్యమం లేచింది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో వేలాదిమంది యువకుల ముందు క్లాష్ వంటి పంక్ బృందాలు ఫాసిస్టు వ్యతిరేక సభలో వాయించాయి. సరుకు అయినంత మాత్రాన పనికిరాదంటే, బ్రెహ్ట్‌నూ వదులుకోవలసి వస్తుంది. 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో మొదలైన "మూడు పైసల ఆపెరా"కు కుర్ట్ వైల్ కట్టిన సంగీతం ఆనాటి నృత్యశాలల జాజ్ నుంచి వచ్చింది. ఎవరిని ఆ నాటకం దొంగలన్నదో వాళ్లే డబ్బు పెట్టి టిక్కెట్లు కొని, పాటలు కూనిరాగాలు తీశారు. అయినా 1933లో నాజీలకు ఆ నాటకమంటే ఎందుకంత భయం? వస్తువూ శిల్పమూ అమ్ముడుపోతాయి, నిజమే. అమ్ముడుపోయిన తరవాత కూడా వాటిలో యేదో మిగులుతుంది. అది యేమిటో తేల్చడమే విమర్శకుడి పని. సంతలో కనిపించిందని ముఖం తిప్పుకోవడం విమర్శ కాదు, మడి.

మడి అన్న మాట కావాలనే వాడాను. ఎందుకంటే ఈ మడి మనకు చాలా నష్టం చేసింది. ఆ సంగతి నాకు ఆ షెడ్డులోనే తెలిసింది.

నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. విరామంలో మాటలు కలిశాయి. 1965లో తనకు పద్దెనిమిదేళ్లని చెప్పాడు. ఆ సంవత్సరం తూర్పు జర్మనీ ప్రభుత్వం లైప్‌జిగ్‌లోని బీట్ సంగీత బృందాలలో చాలావాటిని నిషేధించింది. అక్టోబర్ 31న యువకులు వీధిలోకి వచ్చారు. పోలీసులు నీటి ఫిరంగులతో చెదరగొట్టి, రెండు వందల మందికి పైగా పట్టుకొన్నారు. అనేకమందిని బొగ్గు గనులలో పనికి పంపారు. ఈయన వాళ్లలో ఒకడు. "మా నాన్న పార్టీ సభ్యుడు. నేను తిరిగి వచ్చాక నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు" అన్నాడు. మరి ఈ సంగీతం ఎలా వుందని అడిగాను. "నాకు నచ్చలేదు. మా కాలపు బీట్ వేరు. ఇది ఒట్టి గోల" అని నవ్వాడు. తరవాత, "అయినా దీన్ని ఆపమని మాత్రం నేనడగను" అన్నాడు.

మాస్టారూ, ఆ మాట అన్నవాడు మన శత్రువు కాడు. వోయ్‌ట్సెక్ తల నరికిన మార్కెట్ చౌకునుంచి ఆ యువకులను పట్టుకొన్న చోటుకు నడిచిపోవచ్చు. ఒకచోట శిక్షించింది రాజుల ప్రభుత్వం. రెండవచోట శిక్షించింది కార్మికుల పేరు పెట్టుకొన్న ప్రభుత్వం. ఈ రెండూ ఒకటేనని నేననను. అలా అనేవాళ్ల ఉద్దేశాలు నాకు తెలుసు. కాని రెండవదానికి సాకులు వెతకడం నావల్ల కాదు.

అది ఒక్కనాటి పొరపాటు కాదు. 1952లో హాన్స్ ఐస్లర్ "యోహాన్ ఫౌస్టుస్" అనే ఆపెరా కోసం రచన ప్రచురించాడు. ఐస్లర్ ఎవరు? బ్రెహ్ట్ సహచరుడు, ఆ దేశపు జాతీయగీతానికి బాణీ కట్టినవాడు. రైతుల తిరుగుబాటుకు ద్రోహం చేసిన మేధావిగా ఫౌస్టును చిత్రించాడు. 1953లో పార్టీ పత్రికలోనూ, కళల అకాడమీలోనూ ఆయన్ను నిలదీశారు. గోథే ఫౌస్టును, జాతీయ వారసత్వాన్ని అవమానించాడన్నారు. ఆ ఆపెరాకు ఐస్లర్ సంగీతం కట్టనేలేదు. 1965 డిసెంబరులో పార్టీ కేంద్రసంఘ సమావేశం సినిమాల మీద, పుస్తకాల మీద, బీట్ సంగీతం మీద విరుచుకుపడింది. 1983లో రాజ్యభద్రతా మంత్రి మీల్కే పంక్ యువకుల పట్ల కఠినంగా వుండమని ఉత్తర్వులిచ్చాడు. ఆ సంవత్సరమే నామెన్‌లోస్, అంటే "పేరులేనివాళ్లు", అనే బృందంలోని పిల్లలను పాటలు రాసినందుకు జైలులో పెట్టారు. వాళ్లకు వాయించుకోవడానికి చోటెక్కడ దొరికింది? చర్చిలలో. మతం మత్తుమందు అని బోధించిన రాజ్యంలో పాట తలదాచుకోవడానికి పాదరీ తలుపు తెరవవలసి వచ్చింది. ఇంతకన్న సిగ్గుచేటు యేముంది?

క్లాసిక్కులను యువకులనుంచి కాపాడదామనుకొన్నారు. చివరకు మిగిలిందేమిటి? క్లాసిక్కులు పాఠ్యపుస్తకాలలో చచ్చిపోయాయి. యువకులు చెయ్యి జారిపోయారు. వారసత్వం అంటే గిడ్డంగి కాదు. తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకొంటే వారసులు పుట్టరు.

అయితే గిటారు పట్టినవాళ్లందరినీ సమర్థిస్తున్నాననుకొనేరు. వేరొక నగరంలో, ప్రభుత్వ ధనంతో నడిచే ఒక పెద్ద థియేటరులో, పైన చెప్పిన షిల్లర్ "దొంగలు" నాటకాన్నే పంక్ సంగీతంతో ఆడగా చూశాను. వాయించినవాళ్లు ఆరితేరినవాళ్లు. దొంగలందరికీ తోలు జాకెట్లు, పిన్నీసులు, రంగు వేసి నిలబెట్టిన జుట్టు. ప్రతి ఆవేశ ఘట్టానికీ ఒక పాట. పాట కాగానే చప్పట్లు. బయట వరండాలో ఆ నాటకం బొమ్మ వేసిన బనీన్లు అమ్ముతున్నారు. ఎవరికీ యేమీ కాలేదు. మూడు గంటలు తిరుగుబాటు చూసి, కోటు తొడుక్కొని ఇంటికి వెళ్లారు; నేనూ వెళ్లాను.

డాల్‌బెర్గ్ ఆనాడు ఆ దొంగలకు మూడు వందల ఏళ్ల నాటి దుస్తులు తొడిగాడు. ఈ దర్శకుడు దాదాపు యాభై ఏళ్ల నాటి దుస్తులు తొడిగాడు. తేడా అంతే! 1977 నాటి లండన్ ఫ్యాషన్ ఈవేళ మధ్యయుగాల కవచంతో సమానం. దానివల్ల ఎవరూ ఉలిక్కిపడరు. కొత్త సంగీతం తెచ్చామనుకొంటూ పాత కాపలాదారు చేసిన పనే చేశారు.

అసలు ప్రశ్న పంక్ పెట్టవచ్చునా, పెట్టరాదా అన్నది కాదు. ఆ కోపం ఎవరిది, ఎవరి మీదికి పోతున్నది? వోయ్‌ట్సెక్ విషయంలో ఈ ప్రశ్న ప్రాణం తీసే ప్రశ్న. అణచబడినవాడి కోపం పైకి పోలేక, తనకన్న కింద వున్న స్త్రీ మీదికి పోయింది. ఆ హత్యాఘట్టానికి గిటార్లు మోగించి, డ్రమ్ములు దంచితే యేమవుతుంది? ప్రేక్షకుడి రక్తం ఉరకలు వేస్తుంది. హంతకుడు వీరుడవుతాడు. మారీ శవం అతడి తిరుగుబాటుకు అలంకారమవుతుంది. మగవాడి కక్షను విప్లవమని పిలిచే అలవాటు మనకూ లేకపోలేదు గనుక, ఈ ప్రమాదాన్ని మనం మరీ జాగ్రత్తగా చూడాలి.

షెడ్డులోని విద్యార్థులు దీన్ని అర్థం చేసుకొన్నారు. వాళ్ల బృందంలో మైకు పట్టుకొన్నది మారీ వేషం వేసిన అమ్మాయి. నాటకమంతా పాడింది ఆమే. వోయ్‌ట్సెక్ తెగిన మాటలను అందుకొన్నదీ ఆమే. తన కోరికను, తన భయాన్ని అరిచిందీ ఆమే. చెరువు గట్టున అతడు కత్తి తీసినప్పుడు సంగీతం లేదు. ఆంప్లిఫయరు మాత్రం సన్నగా హోరుమంటున్నది. ఆ తరవాత నాటకం అయిపోయేదాకా మైకు దగ్గర ఎవరూ లేరు. ఎవరు చనిపోయారో, ఎవరి గొంతు ఆగిపోయిందో మేము ఆ ఖాళీ మైకును చూస్తూ తెలుసుకొన్నాం. హంతకుడి పేరే నాటకానికి పేరు. యోహానా వూస్ట్ పేరు ఎంతమందికి తెలుసు? ఆ ప్రదర్శన ఈ ప్రశ్న అడగగలిగింది. దానికి ఆ గోల కావలసి వచ్చింది, ఆ గోల ఆగడమూ కావలసి వచ్చింది.

మనకిది కొత్త సంగతి కాదు. ప్రజానాట్యమండలివాళ్లు బుర్రకథను చేపట్టినప్పుడు, తంబురా గుమ్మెటలు పట్టుకొని పల్లెపల్లె తిరిగినప్పుడు, అది జనం చెవికి తెలిసిన మోత గనుకనే చేపట్టారు. తెలిసిన మోతలో తెలియని మాట చెప్పారు. ఆ మాట వున్నంతకాలం ప్రభుత్వాలు భయపడ్డాయి. అదే తంబురా, అదే గుమ్మెట తరవాత ప్రభుత్వ పథకాల ప్రచారానికీ పనికివచ్చాయి. వాద్యానిది తప్పు కాదు.

కనుక మాస్టారికి నా జవాబు ఇది. కన్యాశుల్కానికి గిటార్లు కడతామని రేపు ఎవరైనా పిల్లలు వస్తే, వాళ్లను గుమ్మంలోనే ఆపకండి. కూర్చోబెట్టి అడగండి: ఈ మోత ఎవరి గొంతు? ఎవరు మాట్లాడేటప్పుడు ఇది మోగుతుంది, ఎవరు మాట్లాడేటప్పుడు ఆగుతుంది? బుచ్చమ్మ యేడుస్తున్నప్పుడు మీ డ్రమ్ములు యేం చేస్తాయి? జవాబు చెప్పలేకపోతే, మీకన్న ముందు నేనే వద్దంటాను. చెప్పగలిగితే, మీరూ నేనూ బెంచీ మీద సర్దుకొని కూర్చొని చూద్దాం. నచ్చకపోవచ్చు. ఆ లైప్‌జిగ్ పెద్దమనిషికీ నచ్చలేదు. నచ్చకపోయినా ఆయన చివరిదాకా కూర్చొన్నాడు.